ఎవ్వరూ గ్యాప్ వదలని రోడ్డు మీద గ్యాప్ వదిలి నడపడం - నా అనుభవం

జనవరి చివరి వారంలో నా కారుని వెనక నుంచి ఒకతను గుద్దాడు. అప్పట్నుంచి ఇప్పుడు ఆగస్టు దాకా ఏం జరిగిందో వరసగా రాస్తున్నా. ముందు బండికి దూరం ఉంచి నడపాలి అని అందరూ చెప్తారు గానీ, మిగతా వాళ్ళెవరూ ఉంచని చోట మనం ఒక్కళ్ళమే ఉంచితే రోజూ ఏమవుతుంది, ఎంత మంది దూరతారు, ఎంత కోపం వస్తుంది, నిజంగా ఎంత లేట్ అవుతుంది అన్నది నాకు ఎవ్వరూ చెప్పలేదు. అదంతా నడిపే తెలుసుకోవాల్సి వచ్చింది.

ఆ రోజు సాయంత్రం, ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ముందు సిగ్నల్ దగ్గర బండ్లు ఆగుతున్నాయి, నేనూ మెల్లగా వచ్చి ఆగాను. నా ముందు ఒక బైక్, నడిపేవాయనకీ వెనక కూర్చున్నావిడకీ మధ్యలో చిన్న పాప. మా బాబాయ్ చాలా ఏళ్ళు లారీ నడిపిన మనిషి, ఆయన ఎప్పుడూ అనేవాడు, ఆగినప్పుడు ముందు బండి వెనక టైరు రోడ్డుని తాకే చోటు నీ సీట్లోంచి కనపడాలి, దాని వెనక కాస్త ఖాళీ రోడ్డు కూడా కనపడాలి అని. అలవాటు కొద్దీ అంత వదిలే ఆగాను. ఆగాక మిర్రర్లో చూస్తే వెనక ఒక కారు వస్తోంది, స్పీడ్ తగ్గట్లేదు. లోపల అతని తల కిందకి వంగి ఉంది, మొహం మీద ఫోన్ వెలుగు పడుతోంది. పక్కకి తప్పుకోడానికి చోటు లేదు, బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోవడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు.

చప్పుడు వచ్చింది, నా బండి ముందుకి జారింది, ఆగింది. నా బంపర్‌కీ ఆ బైక్ వెనక చక్రానికీ మధ్య మిగిలింది ఒక మూరెడు ఉంటుందేమో. ఆవిడ వెనక్కి తిరిగి నా బానెట్ వైపు చూసి, పాపని ఒక చేత్తో దగ్గరకి లాక్కుంది. నేను రాసే మిగతాదంతా ఆ మూరెడు గురించే. ఎందుకంటే అంతకు ముందు దాకా గ్యాప్ అంటే నేను ముందు బండిని గుద్దకుండా ఉండటానికి అనే అనుకున్నా, వెనక వాడు నన్ను తోస్తే నేను వెళ్ళి పడే చోటు కూడా అదే అని అప్పుడే అర్థమైంది.

దిగాక అతను చాలా మర్యాదగా మాట్లాడాడు. "సారీ అండీ, ఇన్సూరెన్సులు అవీ ఎందుకు, ఖర్చెంతైనా నేనే ఇచ్చేస్తా" అన్నాడు. నెంబర్ ఇచ్చాడు, నేను చేస్తే మోగింది కూడా. అయినా బండ్లు తియ్యకముందే ఫోటోలు తీసుకున్నా, రెండు బండ్లూ రోడ్డు మీద ఉన్నట్టు దూరం నుంచి ఒకటి, నెంబర్ ప్లేట్లు, దెబ్బ తగిలిన చోట్లు, అతని కాగితాలు. మీకు ఇలాంటిది జరిగితే అవతలి మనిషి ఎంత మంచిగా మాట్లాడినా ఈ పని చేయండి. షెడ్ వాళ్ళ ఎస్టిమేట్ పంపిన మర్నాటి నుంచి ఆ నెంబర్ ఎత్తలేదు.

బండిని బయట నుంచి చూస్తే బంపర్ మీద గీతలు, డిక్కీ మూత కొంచెం వంకర, అంతే కనపడింది. షెడ్‌లో బంపర్ ఊడదీస్తే లోపల ఉండే ఇనప బీమ్ వంగిపోయి ఉంది, డిక్కీ నేల రేకు మడత పడింది, రివర్స్ సెన్సర్లు పోయాయి. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం లెక్కకట్టే సర్వేయర్ వచ్చి చూడ్డానికి నాలుగైదు రోజులు, పార్ట్స్ రావడానికి నెల పైనే. మార్చి రెండో వారంలో బండి చేతికొచ్చింది. ఇన్సూరెన్స్ వచ్చినా కొంత నా చేతి నుంచి పడింది, ఇక ఆ ఆరు వారాలూ బండి లేకుండా తిరగడానికి అయిన ఖర్చు, పోయిన సెలవులు, అవి ఎవరూ ఇవ్వరు.

మెడ సంగతి వేరే చెప్పాలి. గుద్దిన రోజు ఏమీ లేదు, నాకేం కాలేదు అని అందరికీ ఫోన్లో చెప్పాను. మర్నాడు పొద్దున లేచేసరికి మెడ తిరగట్లేదు. ఇలాంటి దెబ్బల్లో నొప్పి చాలా మందికి ఆలస్యంగానే మొదలవుతుందట, డాక్టర్ గారు అదే చెప్పారు. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయి, కండరాలు సాగి పట్టేశాయి అన్నారు. పడుకుని ఉండిపోకుండా మెల్లమెల్లగా మెడ కదుపుతూ ఉండమన్నారు. మూడు వారాల దాకా భుజం మీంచి వెనక్కి చూడలేకపోయా. డాక్టర్ గారే అడిగారు, సీటు హెడ్‌రెస్ట్ ఎంత ఎత్తులో పెట్టుకున్నావు అని. కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. దాని పై అంచు తల పైభాగం ఎత్తుకి రావాలి, తలకీ దానికీ మధ్య దూరం వీలైనంత తక్కువ ఉండాలి. ఇప్పుడు మా ఇంట్లో అందరి సీట్లకీ సరిచేశాను, పది సెకన్ల పని.

మార్చిలో మళ్ళీ స్టీరింగ్ పట్టుకుంటే భయం. ముందు చూడాల్సిన కళ్ళు మిర్రర్లోనే ఉండేవి. ఎవరైనా వెనక దగ్గరగా వస్తే భుజాలు బిగుసుకుపోయేవి, ఆటోమేటిక్‌గా కాలు యాక్సిలరేటర్ మీదకి పోయేది, వాడి నుంచి పారిపోదాం అన్నట్టు. అలా పారిపోతే ముందు బండికి దగ్గరైపోతాం కదా, అంటే రెండు వైపులా ఇరుక్కున్నట్టే. మా ఆవిడ ఇది గమనించి బాబాయ్‌ని పిలిపించింది. ఆయన ఆదివారాలు పొద్దున్నే వచ్చి పక్క సీట్లో కూర్చునేవాడు.

ఆయన మొదట నేర్పింది లెక్కపెట్టడం. ముందు బండి ఏదో ఒక స్తంభాన్నో బోర్డునో దాటగానే మొదలుపెట్టి "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు" అని మామూలు వేగంతో పలకాలి, అది పూర్తయ్యేలోపు నా బానెట్ ఆ స్తంభం దగ్గరకి రాకూడదు. వస్తే దగ్గరగా ఉన్నట్టు. రెండు సెకన్లు అనేది కనీసం మాత్రమే, అదీ పొడి రోడ్డు, పగలు, మనం చురుగ్గా ఉన్నప్పుడు. హైవే మీద ఆయన మూడుకి తగ్గనివ్వలేదు, తడి రోడ్డు అయితే నాలుగు.

"మీటర్లలో చెప్పు బాబాయ్" అన్నాను మొదటి వారం. "ఒరేయ్, నడుస్తున్న బండిలోంచి మీటర్లు ఎవడికి కనపడతాయిరా, సెకన్లు అయితే స్పీడ్ పెరిగితే దూరం అదే పెరుగుద్ది" అన్నాడు. ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే నిజమే. గంటకి 60 కిలోమీటర్ల స్పీడ్‌లో సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం, 80లో 22, 100లో 28. ముందు వాడి బ్రేక్ లైట్ చూసి మన కాలు బ్రేక్ మీద పడేసరికే ఒక సెకను, కొంచెం పరధ్యానంగా ఉంటే ఒకటిన్నర. అంటే 80లో పోతూ ముందు బండికి రెండు కార్ల దూరంలో ఉంటే, బ్రేక్ తొక్కడం మొదలుపెట్టేలోపే అంతకంటే ఎక్కువ దూరం పోయి ఉంటాం. ఆ తర్వాత బండి ఆగడానికి పట్టే దూరం వేరే, అది స్పీడ్ రెట్టింపైతే నాలుగింతలు అవుతుంది. మంచి టైర్లు, పొడి రోడ్డు అయినా 100 నుంచి పూర్తిగా ఆగాలంటే బ్రేక్ పడ్డాక ఇంకో నలభై మీటర్లకి అటూ ఇటుగా కావాలి.

ఏప్రిల్‌లో ఒక్కడినే నడపడం మొదలుపెట్టా, అసలు కష్టం అక్కడ మొదలైంది. మనం మూడు సెకన్ల ఖాళీ వదిలితే అది మిగతా వాళ్ళకి రమ్మని పిలిచినట్టే కనపడుతుంది. ఒక కారు ఇండికేటర్ లేకుండా కట్ కొట్టి దూరుతుంది. సరే అని కాలు తీసి మళ్ళీ వెనక్కి తగ్గుతా, ఖాళీ తయారవుతుంది, ఇంకోడు దూరతాడు. వెనకవాడు హార్న్. పక్క లేన్‌లోంచి ఒకాయన అద్దం దించి "బండి నడపడం రాదా" అని అరుచుకుంటూ పోయాడు. మొదటి రెండు వారాలూ నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది. రూల్ ప్రకారం ఉన్నవాడిని నేను, తిట్లు తింటున్నదీ నేనే. ఒక్కోసారి వీడ్ని మాత్రం దూరనివ్వను అని పట్టుదల వచ్చేసేది. బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్తే ఆయన ఒకటే అడిగాడు, "ఒక్కొక్కడు దూరితే నీకు ఎంత పోతోంది?"

కూర్చుని ఆలోచిస్తే, ఒక బండి నా ముందు దూరితే, దానికి నేను మళ్ళీ గ్యాప్ కట్టుకుంటే, నేను పోగొట్టుకునేది ఆ రెండు మూడు సెకన్లే. ఇరవై మంది దూరినా ఒక నిమిషం. పైగా దూరిన వాళ్ళలో సగం మంది అక్కడ ఉండరు, వాళ్ళు ఇంకో లేన్‌కి పోతూ మధ్యలో నా ముందు నుంచి దాటుతున్నారు అంతే. ఇది నమ్మడానికి కొన్ని వారాలు బయల్దేరిన టైమూ చేరిన టైమూ రాసుకున్నా. పాత టైముకీ కొత్త టైముకీ తేడా, సిగ్నల్స్ ఎర్రగా పడ్డాయా పచ్చగా పడ్డాయా అన్నదాని వల్ల వచ్చే తేడాలో కలిసిపోయింది. నన్ను తిట్టి దాటిపోయిన బండి తర్వాత సిగ్నల్ దగ్గర నా పక్కనే ఆగి ఉండటం చాలాసార్లు చూశా.

ఆ లెక్క తెలిశాక కోపం సగం తగ్గింది. మిగతా సగం తగ్గడానికి ఏం చేశానంటే, ఎవరైనా దూరితే బ్రేక్ తొక్కడం మానేశా. దూరినవాడు సాధారణంగా నాకంటే కొంచెం స్పీడ్‌గానే పోతుంటాడు, కాబట్టి నేను యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా తేల్చితే చాలు, కాసేపట్లో గ్యాప్ దానంతట అదే వస్తుంది. బ్రేక్ తొక్కితే నా వెనకవాడు ఉలిక్కిపడతాడు, అతను తొక్కితే అతని వెనకవాడు. ఊరికే జామ్ అయ్యి ముందుకెళ్తే యాక్సిడెంటూ లేదు ఏమీ లేదు అనిపించే సందర్భాలు ఉంటాయి కదా, అవి చాలా వరకూ ఇలా పుట్టినవే. 2008లో జపాన్ వాళ్ళు ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది, 230 మీటర్ల గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లు పెట్టి అందరినీ ఒకే స్పీడ్‌లో పొమ్మన్నారు. సిగ్నల్ లేదు, అడ్డం ఏమీ లేదు, అయినా కాసేపటికి ఆగడం కదలడం మొదలై ఆ జామ్ అల వెనక్కి పాకుతూ పోయింది. నా ముందు ఉన్న ఖాళీ ఆ అలని కొంత మింగేస్తుంది, ముందు వాళ్ళు ఆగి కదిలేలోపు నేను ఆగకుండా మెల్లగా దొర్లుతూ ఉంటా. ఇది తెలిశాక నా గ్యాప్ నా వెనక వాళ్ళకి కూడా మంచిదే అని ధైర్యం వచ్చింది, హార్న్ కొడుతున్నా సరే.

వెనక అంటుకుని వచ్చేవాళ్ళ గురించి. డిప్పర్ కొడుతూ (హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పుతూ), మిర్రర్లో వాళ్ళ హెడ్‌లైట్లు కూడా కనపడనంత దగ్గరగా. అప్పుడు చాలా మంది ఒక్కసారి బ్రేక్ తట్టి భయపెడతారు, దయచేసి ఆ పని చేయకండి, గుద్దేది మనల్నే. ఇక్కడ బాబాయ్ చెప్పింది మొదట నాకు తలకిందులుగా అనిపించింది: వెనకవాడు ఎంత దగ్గరగా ఉంటే ముందు అంత ఎక్కువ గ్యాప్ పెట్టుకో. వాడికి ఆగడానికి చోటు లేదు కాబట్టి ఆ చోటు నువ్వే ముందు నుంచి తీసివ్వాలి. ముందు నాలుగైదు సెకన్లు ఉంటే నాకు సడన్ బ్రేక్ వేసే అవసరమే రాదు, మెల్లగా తగ్గుతా, వెనకవాడు ఫోన్ చూస్తున్నా తేరుకునే టైమ్ ఉంటుంది. వీలైతే దారి ఇచ్చి పంపించేస్తా. అలా పంపించేయడంలో చిన్నతనం ఏమీ లేదు, వాడు నా ముందుంటే మా మధ్య దూరం నా కంట్రోల్‌లో ఉంటుంది, వెనకుంటే ఉండదు.

సిటీలో బైకుల మధ్య మాత్రం సెకన్ల లెక్క అంత కుదరదు, ఒప్పుకోవాలి. బైకులు ఎటు నుంచైనా వస్తాయి, ప్రతి ఒక్కదానికీ గ్యాప్ కడుతూ కూర్చుంటే కదల్లేం. అక్కడ నేను చేసేది, స్పీడ్ తక్కువ ఉంచి, బైక్ నా ముందే స్థిరంగా పోతుంటే కారుకి వదిలిన దానికంటే ఎక్కువ వదలడం. బైక్ పడితే మనిషి రోడ్డు మీదే పడతాడు కదా. ఆ పాప మొహం గుర్తొస్తుంది నాకు.

మే నెలలో హైవే మీద ఇంకో సంగతి తెలిసింది, ఇది ఎవరూ చెప్పగా నేను వినలేదు. గ్యాప్ అనేది ముందు బండి బ్రేక్ వేస్తే ఆగడానికే కాదు, చూడ్డానికి కూడా. నా ముందు ఒక ఎత్తైన వ్యాన్ పోతోంది, దాని ముందు ఏముందో కనపడదు. దాని బ్రేక్ లైట్ వెలగలేదు, ఉన్నట్టుండి పక్క లేన్‌లోకి తప్పుకుంది. అది తప్పుకున్న చోట రోడ్డు మధ్యలో పేలిపోయిన లారీ టైరు తోలు, చుట్ట చుట్టుకుని నల్లగా పడి ఉంది. మూడు సెకన్ల పైనే వెనక ఉన్నాను కాబట్టి మిర్రర్ చూసి, ఇండికేటర్ వేసి, నింపాదిగా తప్పుకున్నా. అంటుకుని పోతుంటే బ్రేక్ లైట్ వెలగలేదు కాబట్టి నాకు ఏ హెచ్చరికా ఉండేది కాదు. ఆ రోజు మా ఆవిడ పక్కనే ఉంది. అంతకు ముందు దాకా "ఇంత మెల్లగా పోతే ఎలా అండీ, అందరూ దాటేస్తున్నారు" అనేది, ఆ తర్వాత ఆ మాట రాలేదు. లారీల వెనక అయితే ఇంకా వెనక్కి ఉంటా, లారీ సైడ్ మిర్రర్లు నాకు కనపడకపోతే నేను డ్రైవర్‌కి కనపడట్లేదని అర్థం. అలాగే లారీ ముందున్న ఖాళీలోకి కట్ కొట్టి దూరడం అసలు చేయను. అంత బరువు ఆగడానికి ఆయన పెట్టుకున్న చోటు అది, బాబాయ్ దీని గురించి మాట్లాడితే ఇప్పటికీ గొంతు పెరుగుద్ది.

చిన్న చిన్న లాభాలు అనుకోకుండా వచ్చాయి. సిటీలో గంట నడిపినా కాలు నొప్పి రావట్లేదు. మా వాడికి వెనక సీట్లో వాంతి వచ్చేది, తొక్కుతూ వదులుతూ ఉండే ఊపు తగ్గేసరికి అది బాగా తగ్గింది. సర్వీసింగ్‌లో బ్రేక్ ప్యాడ్లు ఇంకా చాలా ఉన్నాయి అన్నారు. పెట్రోల్ కూడా కొంచెం కలిసొస్తోంది, తొక్కి సంపాదించిన స్పీడ్‌ని బ్రేక్‌లో పారేయట్లేదు కాబట్టి.

జులైలో పెద్ద వానలో పరీక్ష వచ్చింది. ముందు ఎక్కడో నీళ్ళు నిలిచి బండ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను నా ముందు కారు వెనక భాగం ఒక్కటే కాకుండా, దాని అద్దాల్లోంచి అవతల రెండు మూడు బండ్ల లైట్లు కూడా చూస్తూ నడపడం అలవాటు చేసుకున్నా, అందుకే దూరంగా ఎర్ర లైట్లు వరసగా వెలగడం ముందే కనపడింది. కాలు తీశా, బ్రేక్ కొద్దిగా తాకించి వదిలి మళ్ళీ తాకించా వెనకవాళ్ళకి తెలిసేలా, హజార్డ్ లైట్లు వేశా. ఆగేసరికి నా ముందు ఇంకా రెండు కార్ల చోటు మిగిలింది. వెంటనే మిర్రర్ చూశా. వెనక కారు జారుతూ వస్తోంది, ముందు ముక్కు కిందకి వంగి. నేను ఆ మిగిలిన చోటులోకి ఒక కారు పొడవు ముందుకి జరిగాను, అతను నేను ఖాళీ చేసిన చోటులో వచ్చి ఆగాడు. చెయ్యెత్తి దండం పెట్టాడు. చేతులు చాలాసేపు వణికాయి, కానీ జనవరిలో లాగా ఏమీ చేయలేక కూర్చున్నట్టు మాత్రం లేదు. ఇప్పుడు ఆగిన ప్రతిసారీ వెనక కనీసం రెండు బండ్లు వచ్చి ఆగేదాకా గేర్‌లోనే ఉంటా, మిర్రర్ వదలను.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ జూన్ ఆఖర్లో క్లోజ్ అయింది. వెనక కూడా ఒక డ్యాష్‌క్యామ్ (రోడ్డుని రికార్డ్ చేసే కెమెరా) పెట్టించా. మెడ చలిగా ఉన్న పొద్దున్నలు ఇంకా పట్టేస్తోంది, డాక్టర్ గారు చెప్పిన వ్యాయామాలు చేస్తే పోతోంది. రాత్రి పూట వానలో హైవే అంటే మాత్రం ఇంకా భయంగానే ఉంది. వీలైతే ఆ టైమ్‌లో బయల్దేరట్లేదు, తప్పనిసరైతే స్పీడ్ తగ్గించి, నాలుగుకి ఇంకొకటి కలిపి ఐదు లెక్కపెడుతున్నా. మా ఆవిడ లైసెన్స్ తీసుకుని వచ్చే నెల నుంచి నడపడం మొదలుపెడుతోంది, ఆదివారాలు పక్క సీట్లో బాబాయే కూర్చుంటానన్నాడు.